మా తమ్ముడి కాలు దక్కింది: సుబేదార్ గారికి, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రం పెద్ద డాక్టరు గారు కట్టు విప్పి చూసి, "ఇక కాలికి భయం లేదమ్మా" అన్నారు. అప్పటినుంచి ఫోన్లు ఆగడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు, గొంతు కూడా పోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముందువెనకలైతే సర్దుకోండి, సగం నిద్రలో ఉన్నాను.

విషయం తెలియనివాళ్ల కోసం. మా తమ్ముడు తాపీ మేస్త్రీ. పర్లాకిమిడిలో వాడి చెయ్యి పడని వీధి తక్కువ. ఆ రోజు కాశీనగర్ వైపు స్లాబు పని చూసుకుని బండి మీద తిరిగొస్తుంటే ఎదురుగా వ్యాను వచ్చి గుద్దింది. కుడికాలు మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. హెల్మెట్ ఉండబట్టి తలకేమీ కాలేదు. విశాఖ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఇక్కడ మొదట చూసిన డాక్టరు, పాదానికి రక్తం సరిగ్గా అందడం లేదు, ఇన్ఫెక్షన్ పాకితే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు అని వాడు వింటుండగానే చెప్పేశారు. ఆయన్ని అనడానికేం లేదు, కాగితం మీద సంతకం కావాలి కదా. కానీ ఆ మాట విన్నాక మా వాడు నోరు విప్పలేదు. ముందు కాలికి బయటినుంచి కమ్మీలు బిగించారు, తర్వాత లోపల రాడ్ వేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పినా వాడు గోడవైపు మొహం తిప్పుకునే ఉన్నాడు. అన్నం కలిపి పెడితే తినేవాడు కాదు.

అమ్మ, నాన్న, మా ఆయన, పెదనాన్న గారి పిల్లలు అందరూ చేయాల్సింది చేశారు. వాళ్లకు ఇక్కడ థాంక్స్ చెబితే ఇంటికెళ్లాక తిడతారు.

ఇక సుబేదార్ గారు.

పక్క మంచం మీద ఉన్నది ఆయన అన్నగారు. పెద్దాయన బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. వాళ్లది మందస వైపు పల్లె. ఈయన ఆర్మీలో సుబేదారుగా రిటైరై ఊళ్లో జీడితోట చూసుకుంటున్నారట. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయను. వార్డులో అందరూ సుబేదార్ గారనే పిలిచేవాళ్లం.

అది మగవాళ్ల వార్డు. మొదట్లో నాన్నకు బీపీ పెరిగి ఇంటికి పంపేశాం, మా ఆయనకు సెలవు దొరకలేదు, తమ్ముడి దగ్గర నేనొక్కదాన్నే. వాడు కదల్లేడు. బెడ్‌పాన్ పెట్టాలంటే నేనే పెట్టాలి. వార్డుబాయ్‌ని పిలిస్తే వచ్చేది గంటకి. చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన తమ్ముడే అయినా పాతికేళ్లవాడు, పెళ్లి కుదిరినవాడు. నేను దగ్గరికి వెళ్తే దుప్పటి పట్టుకుని వదిలేవాడు కాదు. ఒకరోజు పొద్దున్న అలాగే బిగదీసుకుని, చెమటలు కక్కుతూ, కళ్లల్లో నీళ్లు తిప్పుకుంటున్నాడు. నాకేం చెయ్యాలో తోచక బెడ్‌పాన్ పట్టుకుని నిలబడ్డాను. సుబేదార్ గారు లేచి వచ్చి, నా చేతిలోంచి అది తీసుకుని, "నువ్వెళ్లి టీ తాగిరామ్మా" అన్నారు. అంతే. వెనక్కొచ్చేసరికి వాడి ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, బెడ్‌పాన్ కడిగి మంచం కింద పెట్టి, ఏమీ జరగనట్టు అన్నగారికి పేపరు చదివి వినిపిస్తున్నారు.

ఆ రోజునుంచి రోజూ ఆయనే చేశారు. ఏనాడూ నేను అడగలేదు, ఆయన చెప్పుకోలేదు. వయసు మా నాన్న కంటే ఎక్కువే.

రాత్రిళ్లు ఆడవాళ్లను వార్డులో ఉండనిచ్చేవారు కాదు. బయట వరండాలో చాప వేసుకునేదాన్ని. ఒక రాత్రి మంచినీళ్ల బాటిల్ ఇవ్వడానికి గుమ్మం దాకా వెళ్తే ఆయన మాటలు వినిపించాయి.

"ఏటి మేస్త్రీ, అన్నం తిన్లేదట? నీకొక మేస్త్రీ కథ చెప్పనా?"

మా వాడు పలకలేదు.

"ఆస్ట్రియా అని దేశం. ఫ్లాహావ్ అని ఊరు. హెర్మన్ మాయర్ అని ఒక కుర్రాడు. ఎండాకాలం ఇటుకలు పేర్చేవాడు, చలికాలం మంచుమీద స్కీయింగ్ నేర్పేవాడు. తండ్రిదే స్కీయింగ్ బడి. పదిహేనేళ్లప్పుడు పెద్ద అకాడమీలో చేర్పిస్తే, ఒళ్లు ఎదగలేదు, మోకాళ్లు బాలేవు అని ఇంటికి పంపేశారు. మళ్లీ తాపీ పట్టుకున్నాడు."

ఆపరేషన్ అయ్యాక మా తమ్ముడి నోటినుంచి నేను విన్న మొదటి మాట ఇది: "గోడ కట్టేవాడా, ప్లాస్టరింగా?"

సుబేదార్ గారికి తెలియదు. తెలియదనే చెప్పారు. గోడే అయ్యుంటుందని ఇద్దరూ తేల్చుకున్నారు. నేను వరండాలోకొచ్చి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. వాడు మాట్లాడాడు!

ఈయనకు ఇవన్నీ ఎలా తెలుసంటే, ఆర్మీలో ఉన్నప్పుడు గుల్మార్గ్‌లో హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో స్కీయింగ్ నేర్చుకుని, తర్వాత కుర్ర జవాన్లకు నేర్పారట. మందస కుర్రాడు కాశ్మీర్ మంచులో! మాకు కొండంటే మహేంద్రగిరి, దాని మీద మంచు పేరుకోవడం మా ముత్తాతలు కూడా చూడలేదు. నాకైతే ఆ ఆటల్లో ఏది ఏదో ఇప్పటికీ సగం అర్థం కాలేదు. డౌన్‌హిల్ అంటే తిన్నగా కిందికి, గంటకు నూట ముప్పై కిలోమీటర్లు కూడా దాటే వేగం. జెయింట్ స్లాలమ్ అంటే పాతిన గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ రావాలి. సూపర్ జీ ఆ రెండింటికీ మధ్యది. సెకనులో వందో వంతుతో మెడల్ పోతుందట. మా తమ్ముడు మాత్రం ఇప్పుడు నర్సులకు క్లాసు చెబుతున్నాడు.

ఆ కథ రోజుకింత సాగింది. 1996లో ఆ ఫ్లాహావ్‌లోనే వరల్డ్ కప్ రేసు పెట్టారట. రేసుకు ముందు దారి ఎలా ఉందో చూడటానికి కొందర్ని ఊరికే కిందికి వదులుతారు. ఆ పనికి ఈ మేస్త్రీని పెట్టారు. లెక్కలోకి రాని ఆ పరుగులో అతని టైము చూస్తే అసలు రేసులో పన్నెండో స్థానానికి సరిపోయింది. అలా కళ్లబడ్డాడు. రెండేళ్లకు 1998లో జపాన్‌లోని నాగానోలో ఒలింపిక్స్. డౌన్‌హిల్‌లో అదుపు తప్పి గాల్లోకి లేచి, తలకిందులై, కంచెలు తెంచుకుని అవతల పడ్డాడు. సుబేదార్ గారు ఆ వీడియో ఫోన్‌లో చూపించారు. నేను సగంలో కళ్లు మూసుకున్నాను. ఆ మనిషి మంచు దులుపుకుని లేచాడు. మూడు రోజులకు సూపర్ జీలో బంగారు పతకం, ఇంకో మూడు రోజులకు జెయింట్ స్లాలమ్‌లో ఇంకొకటి.

అసలు సంగతి ఆ తర్వాత. 2001 ఆగస్టు. బండి మీద ఇంటికి వస్తుంటే కారు గుద్దింది. కుడికాలు. మోకాలి కింద. తీసేయాల్సి వస్తుందేమోనని అక్కడి డాక్టర్లూ అనుకున్నారు. లోపల టైటానియం రాడ్ వేసి నిలబెట్టారు. ఇది చెప్పినప్పుడు మా వాడు గోడవైపునుంచి పూర్తిగా ఇటు తిరిగి, "నాదీ కుడికాలే" అన్నాడు. "తెలుసురా, అందుకే కదా చెప్తున్నాను" అన్నారాయన.

2002 ఒలింపిక్స్ పోయాయి. 2003 జనవరిలో అడెల్బోడెన్ అనే చోట మళ్లీ రేసుకు దిగాడు. మొదటి పరుగులో ముప్పైలోపు వచ్చినవాళ్లకే రెండో పరుగు. ఇతను 31. ఒక్క స్థానంలో ఇంటికి. సుబేదార్ గారు ఇక్కడ కథ ఆపేసి పడుకున్నారు! తర్వాతేమైందని మా వాడు ఆ రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున్నే అడిగితే, "ముందు ఇడ్లీ తిను, చెప్తాను" అన్నారు. నాలుగు తిన్నాడు.

రెండు వారాలు తిరక్కుండానే కిట్స్‌బ్యూల్‌లో సూపర్ జీ గెలిచాడు. 2004లో వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్, అది నాలుగోది. 2006 ఒలింపిక్స్‌లో ఒక వెండి, ఒక కంచు. మొత్తం 54 వరల్డ్ కప్ రేసులు గెలిచి 2009లో ఆట వదిలాడు. ఇవన్నీ నేను నేర్చుకున్నవి కావు, తమ్ముడు పక్కనుంచి చెబుతుంటే రాస్తున్నాను. కానీ సుబేదార్ గారు ఎక్కువసార్లు చెప్పింది పతకాల గురించి కాదు, ఆ 31 గురించి. ఫిజియో అమ్మాయి వచ్చి కాలు వంచమన్నప్పుడు మా వాడు అరిచి గోల చేస్తే, "ఇవాళ 31 వచ్చావు, పర్లేదు" అనేవారు. ఇప్పుడు వార్డులో అందరికీ అదే మాట. షుగర్ పుండుతో ఉన్న మూలమంచం తాతగారు కూడా "నాకివాళ 31" అంటున్నారు.

అన్నగారు డిశ్చార్జ్ అయిన రోజు లెక్క చూసుకుంటే, నేను లేనప్పుడు ఆయన మందుల షాపులో మా కోసం కట్టిన డబ్బులు చాలానే ఉన్నాయి. రసీదులన్నీ కలిపి డబ్బు తీసుకెళ్లి ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "మా ఇంటి అరుగు కూలిపోయి ఏడాదైంది. ఊళ్లో మేస్త్రీలెవరూ సరిగ్గా కట్టలేదు. ఇతను వచ్చి కట్టాలి. అప్పుడు కూలిలో పట్టుకుంటాను" అన్నారు.

మా బంధువుల్లో కొందరు అప్పటికే వీడికి కిరాణా కొట్టు పెట్టిద్దామని, కూర్చుని చేసే పనేదైనా చూద్దామని మాట్లాడుకుంటున్నారు. పెళ్లివారు ఫోన్ చేయడం తగ్గించారు. వాడు మళ్లీ గోడ కడతాడని నోరు తెరిచి చెప్పింది ఆయనొక్కరే. బాబూ అనలేదు, పాపం అనలేదు, మేస్త్రీ అన్నారు. నేను ఆ హాస్పిటల్ మెట్ల మీద కూలబడి ఏడ్చాను, జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఆయనేమో ఆటో మాట్లాడుకునే హడావుడిలో ఉన్నారు.

సుబేదార్ గారూ, ఇది మీ మనవరాలు చదివి వినిపిస్తుందని తెలుసు. మీకు దండం పెట్టడం తప్ప నాకేమీ చేతకాదు. అరుగు సంగతి వాడు మర్చిపోలేదు. ఎంత పొడవు, ఎంత వెడల్పు అని అడుగుతున్నాడు, కొలతలు పంపించండి.

ఇంకొక మాట కూడా రాయాలి, రాయకపోతే నాకు కడుపు చల్లబడదు. మేము తెలుగువాళ్లం, ఉండేది ఒడిశా. 1936లో ఒడిశాను విడిగా ఏర్పరిచినప్పుడు గీసిన గీతకు అటుపక్క పడ్డాం. యాక్సిడెంట్ అయిన చోటినుంచి 108కి ఫోన్ చేస్తే ఆంధ్ర టవర్ తగిలి, "అది మా పరిధి కాదు, మీ రాష్ట్రానికి చేయండి" అన్నారట. మేము చేసింది 108కే కదా! విశాఖలో ఈ హాస్పిటల్‌కి వస్తే, ఆరోగ్యశ్రీకి ఆంధ్ర రేషన్ కార్డు కావాలన్నారు, మా ఒడిశా కార్డు ఇక్కడ చెల్లదన్నారు. రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు డబ్బు కట్టక్కర్లేకుండా వైద్యం చేసే పథకం, "క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ ఆఫ్ రోడ్ యాక్సిడెంట్ విక్టిమ్స్ స్కీమ్", 2025 మేలో కేంద్రం తెచ్చింది. అది ఏ రాష్ట్రంవాళ్లకైనా వర్తిస్తుంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి ఏడు రోజులూ అయిపోయాయి. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే ఆ పేరే విననట్టు చూశారు. కాగితాలకోసం పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, వాళ్లు ఒడియాలో రాసిస్తే ఇక్కడ చదవలేరట, ఇంగ్లీషులో కావాలట. అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఓట్లప్పుడు మాత్రం రెండు పక్కలవాళ్లూ మన ఊరికి తెలుగులోనే మైకు కట్టుకుని వస్తారు. సరిహద్దులో ఉండేవాళ్లు దయచేసి ఈ పథకం పేరు గుర్తుపెట్టుకోండి, మొదటిరోజే అడగండి, పోలీసులకు మొదటిరోజే చెప్పండి.

సరే. మర్చిపోకుండా మిగిలినవాళ్లు. అంబులెన్స్ కోసం చూడకుండా తమ్ముణ్ని తన ఆటోలో ఎక్కించుకుని, సీటంతా రక్తమైనా మాట అనని కాశీనగర్ ఆటో అన్నకు. విరిగిన కాలికి చెక్క కట్టి కదలకుండా చేసిన కుర్రాడికి, ఎవరో తెలియదు, బ్యాగు చూస్తే కాలేజీ పిల్లాడిలా ఉన్నాడట. రక్తం ఇచ్చిన ముగ్గురికి, వాళ్లను పంపింది కూడా సుబేదార్ గారి పాత స్నేహితుడే. నైట్ డ్యూటీ మలయాళీ సిస్టర్‌కి. మా స్కూల్లో నా క్లాసులు చూసుకుంటున్న టీచర్లకు, హెడ్‌మాస్టారికి. వీధిలో చందా పోగుచేసిన వినాయక చవితి కుర్రాళ్లకు, ఈ ఏడాది నవరాత్రుల్లో డీజే గోలకు మిమ్మల్ని ఏమీ అనను. తమ్ముడి కింద పనిచేసే కూలీలకు, ఆ స్లాబు వాళ్లే పూర్తి చేసి మేస్త్రీ వాటా తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు, అసలు వీళ్ల పేరు పైన రాయాల్సింది.

అయ్యో, వరండాలో తన చాపలో సగం నాకిచ్చిన పాడేరు అక్కకు కూడా. వాళ్లబ్బాయి ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

బండి అమ్ముతారా అని అడుగుతున్నవాళ్లకు: అది ఇంకా స్టేషన్ ఆవరణలోనే ఉంది, కోర్టు కాగితం వచ్చేదాకా ఇవ్వరట. అమ్మేదీ లేనిదీ తమ్ముడే చెబుతాడు, వాడినే అడగండి, ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నాడు. మధ్యాహ్నం రెండునుంచి మూడు వరకు మాత్రం చేయకండి, ఫిజియో ఉంటుంది.