ఓడ దిగినవాళ్లని ముందు వన్‌టౌన్‌లో నడవనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికులకు సరిపోయే టెర్మినల్ అది. చెన్నై మీదుగా వచ్చే ఓడలు, అప్పుడప్పుడు విదేశీ ఓడలు ఆగుతున్నాయి. సంతోషమే. ఓడ దిగినవాళ్లకి మనం ఏం చూపిస్తున్నామన్న దాని గురించే ఈ ఉత్తరం.

క్రూయిజ్ ఓడ మామూలుగా పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతుంది. చెకింగులు, క్యూలు, ఓడ వదిలేసి పోతుందేమోనన్న టెన్షన్ తీసేస్తే ప్రయాణికుడి చేతికి దక్కేది ఐదారు గంటలు. అంత తక్కువ టైములో వాళ్లని బస్సెక్కించి బొర్రా గుహలకి తీసుకెళ్తామంటే, దూరం 90 కిలోమీటర్లు, అందులోనూ ఘాట్ రోడ్డు. రానూపోనూ బస్సులోనే సరి. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం చూడదగ్గవే, కాదనను. కానీ వాళ్లు దిగిన ఊరు ఆ టూర్లలో ఎక్కడా ఉండదు. ఆ ఊరు, అంటే విశాఖ పాతపట్నమైన వన్‌టౌన్, పోర్టు గోడని ఆనుకునే ఉంది. నడిచే చూడాలి, బస్సులో చూద్దామన్నా ఆ సందుల్లో బస్సు పట్టదు.

రాణీబొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం) దగ్గర మొదలుపెడితే కురుపాం మార్కెట్, బొబ్బిలి రాజావారు ఊరికి కట్టించి ఇచ్చిన టౌన్‌హాలు, 1847 నాటి సెయింట్ అలోషియస్ బడి, అన్నీ నడక దూరమే. కోటవీధిలో ఇప్పుడు కోట లేదు, వీధి మాత్రం ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 17వ శతాబ్దం చివర్లో వ్యాపారం పెట్టింది ఇక్కడే. 1780 అక్టోబరులో, హైదర్ అలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే మేం ఎక్కమని సిపాయిలు తిరగబడిందీ ఈ ఊళ్లోనే. 1857 కంటే డెబ్బై ఏడేళ్ల ముందు మాట. ఓడ దిగి వచ్చినవాళ్లకి ఓడెక్కనన్న సిపాయిల కథ చెబితే ఎవరైనా ఆగి వింటారు. మనం చెప్పం. మన పిల్లలకే చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ పక్కనే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి. అమ్మవారికి పైకప్పు ఉండదు. ఎండకీ వానకీ ఆరుబయటే. భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు పెట్టుకుంటారు, పాలు పోసుకుంటారు. మార్గశిర గురువారం నాడు ఓడ వస్తే మాత్రం ఎవరినీ అటు పంపకండి, ఆ రోజు ఊరి జనానికే చోటు చాలదు.

అసలు చూడాల్సింది కొండలు. పోర్టు ముఖద్వారం మీదకి చూస్తూ మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. వచ్చే పోయే ఓడలు జెండాని మూడుసార్లు ఎత్తి దించి దర్గాకి మొక్కేవనీ, సరుకు క్షేమంగా చేరితే హిందూ ఓడ యజమానులు వెండితో చిన్న దోనె చేయించి ఇచ్చేవారనీ పాత జిల్లా రికార్డుల్లో ఉంది. రాస్ హిల్ ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడితే ఎదురుగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద ఓడలు రేవులోకి వచ్చే సన్నటి ఛానల్. టగ్గులు వెంట రాగా పెద్ద ఓడ ఆ ఛానల్లోంచి లోపలికి వస్తుంటే డెక్ మీద తాడు చుడుతున్న మనిషి టోపీ రంగు కూడా పైనుంచి తెలుస్తుంది. ఓడలో ప్రపంచమంతా తిరిగేవాళ్లు కూడా ఒక రేవులోకి ఓడ రావడం ఇలా పైనుంచి ఎన్నిసార్లు చూసి ఉంటారు?

దూరంగా కనిపించే ఆ సముద్రంలోనే 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ నౌకలు బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద దాడి చేశాయి. ఇక విశాఖలో చేసిన దంతపు పెట్టెలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. వాటిని అక్కడ చూసినవాడు రేపు మన రేవులో దిగొచ్చు. అవి చేసిన ఊరు ఇదేనని చెప్పే బోర్డు వన్‌టౌన్ వీధుల్లో నాకైతే ఇంతవరకు కనబడలేదు.

మరి నడిపిద్దామా అంటే నడవడానికి లేదు. కిందటి నెల మా బంధువులని, అందులో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు, కురుపాం మార్కెట్ వైపు తీసుకెళ్లాను. ఫుట్‌పాత్ మీద వరసగా బైకులు. వాటిని తప్పించుకుని పక్కకి జరిగితే కాలువ మీద ఒక పలక ఉంది, తరవాతది లేదు, దాని స్థానంలో ఎవరో పుణ్యాత్ములు కొబ్బరిమట్ట గుచ్చి గుర్తు పెట్టారు. ఆవిడ రోడ్డు మీదకి దిగింది, వెనక నుంచి ఆటో హారన్. దారిలో బాత్‌రూం ఒకటి కనిపించింది, తాళం వేసి ఉంది. సగం దారిలోనే వెనక్కి వచ్చేశాం. ఊరివాళ్లం, మా గతే అదైతే, కొత్తవాళ్ల మాట చెప్పక్కర్లేదు.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. వన్‌టౌన్‌లో ఒక్క దారి, రాణీబొమ్మ నుంచి రాస్ హిల్ దాకా, మనిషి కిందకి చూడకుండా నడవగలిగేలా చేయించండి. కాలువలకి పలకలు, బైకులకి వేరే చోటు, నీళ్లు వచ్చే రెండు బాత్‌రూములు, నీడకి చెట్లు. మా ఉక్కపోత సంగతి మీకు తెలుసు, మధ్యలో కూర్చోడానికి బెంచీలు లేకపోతే ఎవరూ కొండ దాకా రారు. తెలుగులో, ఇంగ్లీషులో బోర్డులు పెట్టండి. ఓడ వచ్చిన రోజు టెర్మినల్ నుంచి షటిల్ బస్సు వన్‌టౌన్ అంచున ఆపేలా పోర్టువాళ్లతో మాట్లాడండి. ఈ వీధుల్లో పెరిగిన డిగ్రీ పిల్లలకి శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టండి. పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు ఇక్కడ హెరిటేజ్ వాక్‌లు నడిపారు, వాళ్ల దగ్గర సమాచారం ఉంది. కన్సల్టెంటుకి మళ్లీ డబ్బు పోయక్కర్లేదు.

ఒక భయం మాత్రం ఉంది, ముందే చెప్పేస్తాను. మన దగ్గర అతిథులు వస్తున్నారంటే చేసే మొదటి పని, తోపుడుబండ్లు లేపేయడం, పేదల ఇళ్లకి అడ్డంగా గుడ్డలు కట్టడం. దయచేసి ఆ పని చేయకండి. పూలబుట్టలు, ఎండుచేపల వాసన, మురీ మిక్చర్ బండి లేకపోతే ఇంక వన్‌టౌన్ ఏముంది? పాత గోడలకి రంగురంగుల పెయింటు, 'ఐ లవ్ వైజాగ్' అక్షరాలు కూడా వద్దు, బీచ్‌లో ఉన్నవి చాలు.

ఓడ రాని రోజుల్లో ఆ ఫుట్‌పాత్ మీద మేం నడుస్తాం, మా పిల్లలు బడికి వెళ్తారు, గురువారం గుడికి వచ్చే ఆడవాళ్లు నడుస్తారు. కాబట్టి ఏడాదికి వచ్చేవి నాలుగు ఓడలే కదా, ఇంత ఖర్చు ఎందుకని మీ అధికారులు ఫైలు మీద రాస్తే ఒప్పుకోకండి.

ఈసారి విశాఖ వచ్చినప్పుడు ఒక గంట కేటాయించి, కాన్వాయ్ రాణీబొమ్మ దగ్గర వదిలేసి రాస్ హిల్ దాకా నడవండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్ గారిని, పోర్టు అధికారులని కూడా వెంటబెట్టుకుని రండి. పొద్దున ఏడింటికైతే ఎండ ఉండదు. దారి చూపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
వన్‌టౌన్ నివాసి,
విశాఖపట్నం