దారిలో ఉన్నవారికి గాలివాన కబురు

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ సాయంత్రానికి ఈదురుగాలి, పిడుగులు, వడగళ్లయి విరుచుకుపడటం మన రెండు రాష్ట్రాల్లో మామూలే. కాగిన నేల నుంచి లేచే గాలికి బంగాళాఖాతం తేమ తోడై, పైన చల్లని పొడిగాలి ఉంటే ఉరుములు, పిడుగులు తెచ్చే క్యుములోనింబస్ మబ్బు గంట రెండు గంటల్లోనే పది కిలోమీటర్లకు మించి ఎదుగుతుంది. పెళ్లిళ్లకూ సెలవులకూ జనం రోడ్ల మీద ఉండేదీ ఆ రోజుల్లోనే. ఇంట్లో ఉన్నవాళ్లేమో తమ వాకిట్లో మబ్బు చూసి బెంగపడతారు, ఎండ ఉంటే ధీమాగా ఉంటారు. చూడాల్సింది ప్రయాణించే దారి.

వాతావరణ శాఖ ఇచ్చే ‘నౌకాస్ట్’ హెచ్చరిక 3 గంటల వరకే. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు, బస్సుకు 5, 6 గంటలు పడుతుంది. బయలుదేరేటప్పుడు చూసుకున్న హెచ్చరిక సగం దారిలోనే పాతబడిపోతుంది. అందుకే బయలుదేరే ముందు యాదాద్రి భువనగిరి, నల్గొండ, సూర్యాపేట జిల్లాలకు చూడాలి. సూర్యాపేట చేరాక ఎన్టీఆర్ జిల్లాకు మళ్లీ చూడాలి. హెచ్చరికలో ఎరుపు రంగు, అంటే అత్యంత తీవ్రమని, కనిపిస్తే ప్రయాణం ఆపుకోవడమే మంచిది. ఒక్కో ఉరుముల మబ్బు జోరు సాధారణంగా అరగంట నుంచి గంట. మబ్బులు వరుసగా కమ్మితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పిడుగుల జాడ చెప్పే ‘దామిని’ యాప్ ప్రయాణించేవారి ఫోన్‌లోనే ఉండాలి.

ఇక ఫోన్ల సంగతి. గాలివాన మొదలవగానే ఇంటి నుంచి పది నిమిషాలకోసారి ‘ఎక్కడున్నారు?’ అని ఫోన్లు వెళ్తాయి. ప్రేమతోనే చేస్తాం, కాదనను. కానీ బైకు మీదున్న కుర్రాడు ఆ ఫోన్ తీయడానికి చెట్టు కిందే బండి ఆపుతాడు. కారు నడిపేవారి చూపు అద్దం మీంచి ఫోన్ మీదికి పోతుంది. బ్యాటరీ కూడా అయిపోతుంది. దీనికి బదులు ముందే ఒక ఒప్పందం చేసుకోవాలి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, ఇలా నాలుగు చోట్లు అనుకుని, ఒక్కోచోట బండి ఆపి ఒక్క సందేశం పెట్టాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టవచ్చు, అయితే అది బ్యాటరీని తినేస్తుంది కాబట్టి పవర్ బ్యాంక్ వెంట ఉండాలి. ఆ చుక్క కదలకుండా ఆగిపోతే వెంటనే కంగారుపడనక్కర్లేదు. కరెంటు పోయి, టవర్ బ్యాటరీ కూడా దిగిపోతే నెట్ ఆగిపోతుంది. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. కాల్ కలవకపోతే మామూలు ఎస్సెమ్మెస్ పంపండి, సిగ్నల్ రాగానే అదే చేరుతుంది. అనుకున్న సమయం దాటి గంటయినా కబురు లేకపోతే తోటి ప్రయాణికులకు, ఆ తర్వాత బస్ స్టేషన్ విచారణకు, రైలైతే 139కి చేయండి. ప్రమాదమని అనుమానం వస్తే 112. బస్సు సర్వీసు నంబరు, రైలు నంబరు ఇంట్లో రాసిపెట్టుకోకపోతే ఇవన్నీ దండగ.

ద్విచక్ర వాహనంపై వెళ్లేవారు ఆగాల్సింది బస్టాండులోనో, బడిలోనో, పెట్రోల్ బంకు ఆఫీసు గదిలోనో, అంటే పక్కా శ్లాబు కింద. చెట్టు, హోర్డింగు, రేకుల షెడ్డు పనికిరావు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్లలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్లలోపే ఉరిమితే లోపలికి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. వాన వెలిసిందని బండి తీయడమే చాలామంది చేసే పొరపాటు. వాన లేనిచోట కూడా పిడుగు పడుతుంది. కారులో అద్దాలు బిగించుకుని, చెట్లకు దూరంగా ఆపుకుంటే క్షేమం, ఇనుప పైకప్పు కరెంటును చుట్టూ మళ్లించి నేలకు దింపేస్తుంది. ఆటోకు ఆ రక్షణ లేదు. కారు మీద కరెంటు తీగ పడితే లోపలే ఉండి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పాలి. నిప్పంటుకుంటేనే, కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, అలాగే గెంతుతూ దూరం వెళ్లాలి. అడుగు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడాకు కరెంటు ఒంట్లోకి పారుతుంది.

ఇంట్లో ఉన్నవారు మబ్బు కమ్మగానే ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని, మోటారు వేసి నీళ్లు పట్టుకోవాలి. ఉరుములు మొదలయ్యాక టీవీ, ఫ్రిజ్, వైఫై రూటర్ ప్లగ్గులు పీకేయాలి, స్విచ్ ఆపితే చాలదు.

చివరగా ఒక విన్నపం. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు హెచ్చరికలను మండలాలవారీగా ఆ ప్రాంతపు ఫోన్లకు పంపుతోంది. అదే మండలం వైపు బస్సులో వెళ్తున్నవారికి మాత్రం అక్కడికి చేరేదాకా ఆ కబురు అందదు. 65, 44, 16 నంబరు జాతీయ రహదారుల మీది ఎలక్ట్రానిక్ బోర్డుల్లో, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వంటి టోల్‌ప్లాజాల్లో, బస్ స్టేషన్ల మైకుల్లో రాబోయే 3 గంటల హెచ్చరిక వినిపించాలి. రెండు రాష్ట్రాల విపత్తు నిర్వహణ అధికారులు, జాతీయ రహదారుల సంస్థ, ఆర్టీసీలు కలిసి కూర్చుంటే వచ్చే వేసవికల్లా ఇది అమలవుతుంది. మీ పత్రిక కూడా జిల్లా పేజీల్లో రోజువారీ వాతావరణ సూచనను జిల్లాలతో పాటు రహదారులవారీగా అచ్చువేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సూర్యాపేట