ప్రార్థనలో చదివిన ఆ పేజీ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన వారంలోనే నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. ఇద్దరు పెద్దమనుషులైతే నేరుగా ఆఫీసు గదికే వచ్చి కూర్చున్నారు. అందరి మాటా ఒకటే: "ఇంటి గుట్టు మైకులో చదివించడమేంటి మేడమ్?" తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చనిపోయిన తన నాన్న గురించి రాసిన పేజీని బడి ప్రార్థనలో మైకులో చదివింది, గొడవంతా దాని గురించే. విన్నవాళ్లు విన్నదానికి ఇంకొంచెం కలిపి ఊరంతా తిప్పుతున్నారు కాబట్టి జరిగింది నేనే రాస్తున్నాను.

ముందు తప్పనిసరి సంగతులు. అపార్ ఐడీకి (పిల్లల చదువు రికార్డుల నంబరు) ఆధార్‌లో పేరు సరిచేయించని పదహారు మంది ఈ వారంలో చేయించండి. టెన్త్ స్పెషల్ క్లాసులు సాయంత్రం ఆరు దాకా ఉంటాయి, ఆడపిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు రండి. ఐరన్ మాత్రలు కిటికీలోంచి పారేయొద్దని చెప్పండి. అంతే.

తొమ్మిదో తరగతిని "మా ఇంట్లో సంక్రాంతి" అని వ్యాసం రాసుకురమ్మన్నాం. నలభై ఒక్క పుస్తకాలు వచ్చాయి. నలభైలో హరిదాసు వచ్చాడు, గంగిరెద్దు ఆడింది, ముంగిట్లో రథం ముగ్గు వేశారు. మన ఊళ్లోకి హరిదాసు వచ్చి ఎన్నేళ్లయిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గైడులో మాత్రం ఆయన ఏటా వస్తాడు. ఈ గైడ్ల మీద నా కోపం మీకు పాతదే, అయినా మళ్లీ చెప్తాను. పిల్లలకు రాయడం రాదని మీరనుకుంటున్నారు. రాయనివ్వడం మనకు రాదు. తన కళ్లతో చూసింది తన మాటల్లో రాసిన పిల్ల రేపు బ్యాంకులో ఫారం ముందు, పోలీసు ముందు, మొగుడి ముందు కూడా తన మాట తను చెప్పుకోగలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లకు ధైర్యం ఎక్కడిది? రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పాఠం చదివారు. అది కథలా లేదు, తమ ఇల్లులా ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. నేనప్పుడు కొత్త టీచర్ని. మనిషి తన సంగతి తను చదువుకుంటే ఏమవుతుందో ఆ రోజుల్లో చూశాను కాబట్టే గైడు కనిపిస్తే లాక్కుంటాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

నలభై ఒకటో పుస్తకానికి వస్తాను. పెద్దలకు పెట్టేటప్పుడు కొత్త పంచె, గారెలు, అరిసెలు, కోడికూర పక్కన బాబాయి ఒక క్వార్టర్ సీసా కూడా పెట్టాడని, "మా నాన్నకు ఇష్టమని" అని రాసింది ఆ అమ్మాయి. ఆ తర్వాత రెండు వాక్యాలు: "మా నాన్న దానివల్లే పోయాడు. నేను దండం పెట్టలేదు." ఇక పేజీ అంతా నాన్నే. తప్పెటగుళ్ల జట్టులో ఆయన ఎలా ఆడేవాడో, రొమ్ముకు తప్పెట కట్టుకుని గజ్జెలతో ఎగిరితే పక్క ఊళ్ల నుంచి ఎలా పిలుపులొచ్చేవో, తాగని రాత్రి కూతురి కాళ్లకు గజ్జెలు కట్టి అడుగు ఎలా నేర్పాడో రాసింది. నాలుగు తప్పులున్నాయి. దిద్దబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చదివిన మంచి పేజీల్లో ఇదొకటి. ఎక్కువ పొగుడుతున్నానంటారా, అవును, పొగుడుతున్నాను.

ప్రార్థనలో చదువుతానని అడిగింది ఆ పిల్లే. మూడుసార్లు ఆలోచించుకోమన్నాను. వాళ్లమ్మను ముందు అడగకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. మర్నాడు ఆవిడ వచ్చింది. తగువుకొచ్చిందనుకున్నాను. "నాకు చదువు రాదు, పిల్ల ఏం రాసిందో మీరు చదవండమ్మా" అంది. చదివాను. తప్పెట దగ్గరికి వచ్చేసరికి ఇంక చాలంది. కాసేపటికి మిగతాదీ చదవమంది. అందుకే ఈ పిల్లను "తాగుబోతు కూతురు" అన్నవాళ్లకు, ఆ పిల్ల పక్కన కూర్చోవద్దని తమ పిల్లలకు చెప్పిపంపిన ఇద్దరు తల్లులకు నా విన్నపం: ఓపిక చేసుకుని ఒకసారి వచ్చి ఆ పేజీ చదవండి.

నా సంగతీ చెప్తాను, ఎదుటివాళ్ల గుట్టే విప్పుతుందని అనుకోకుండా. మా అన్నయ్య కామెర్లతో పోయాడని ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్తున్నాను. కామెర్లు నిజమే. అవెందుకొచ్చాయో చెప్పలేదు. ఏటా మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టేవాడు కాదు, మాల తీసిన సాయంత్రమే మొదలు. పట్టుదల లేనివాడని తిట్టుకున్నాం. అది జబ్బని, జబ్బుకు డాక్టరుంటాడని ఎవరికీ తోచలేదు. తిట్టుకున్నందుకు సిగ్గుపడి ఆయన గురించే మాట్లాడడం మానేశాం. అన్నయ్య చెక్కతో చేసిన బొంగరాల్లాంటివి ఇప్పటికీ ఎక్కడా చూడలేదు. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఆ ఉదయం తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఆరో తరగతి బాబు వాళ్ల నాయనమ్మ గురించి రాశాడు. అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం, మన తీరం ఆడవాళ్లలో ఎంత పాత అలవాటో తెలిసిందే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, దానివల్ల అంగిట్లో వచ్చే పుండ్ల గురించి డాక్టర్లు 1971లోనే రాశారు (అప్పటికి మన విజయనగరం జిల్లా ఇంకా పుట్టలేదు). ఈ బాబు రాసింది మాత్రం, అంగిట్లో కేన్సర్ వచ్చాక కూడా ఆవిడ వేలితో గోడ మీద బొమ్మలు గీసి కథ చెప్పేదని. గంజాయికి అలవాటుపడిన అన్నయ్య ఇంకా ఇంట్లోనే ఉన్నాడని, అతని గురించి రాయొచ్చా అని ఒకరు అడిగారు. రాయొచ్చన్నాను. పోయినవాళ్లను తలుచుకుంటే సరిపోతుందా, ఉన్నవాళ్ల సంగతి?

ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. రోజూ బాగా తాగే మనిషిని ఉన్నట్టుండి మాన్పించి గదిలో పెట్టి తాళం వేయకండి. వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం రెండు మూడు రోజుల్లో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తూ ఉండగా మాన్పించాలి. తెలియకుండా అన్నంలో కలిపేయమని అమ్మే పొడుల జోలికి వెళ్లకండి. వాటిలో ఏముందో తెలియదు. తాగుడు మాన్పించే మందుల్లో ఒకటుంది, అది మింగి పైన తాగితే వాంతులై బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, గంజాయి సమాచారం ఇవ్వడానికి 1972. డబ్బులు పడవు.

ఇక మీకు కోపం వచ్చినా ఒకటి చెప్పక తప్పదు. సాయంత్రం హోంవర్కు వేళ పిల్లవాణ్ణి బెల్టు షాపుకు పంపేవాళ్లు, గ్లాసు, నీళ్లు, మంచింగ్ తెమ్మనేవాళ్లు, "ఒక్క చుక్కేగా" అని నాలుకకు రాసి నవ్వేవాళ్లు మన పేరెంట్స్ మీటింగులో ముందు వరసలో కూర్చుని నన్ను ర్యాంకులు అడుగుతున్నారు. చాలా సంతోషం. పిల్లలకు మద్యమో పొగాకో ఇచ్చినవాళ్లకు 2015 నాటి బాలల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయని తెలిస్తే ఇంకా సంతోషిస్తాను. సిగరెట్ల సంగతి మన టెన్త్ కుర్రాళ్లు ఇద్దరు చూసుకున్నారు. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని చదివి, గేటు నుంచి బడ్డీ దాకా టేపు పట్టి కొలిచారు. ముప్పై ఎనిమిది గజాలు. కొలత కాగితం పంచాయతీకి వాళ్లే ఇచ్చివచ్చారు, లెక్కల మాస్టారు దానికి ప్రాజెక్టు మార్కులు కూడా వేశారు. నాకు ముచ్చటేసింది. బడ్డీ ఆయనకు వేయలేదు.

వెయిట్ లిఫ్టింగ్‌లో జిల్లాకు ఎంపికైన మన ఎనిమిదో తరగతి అమ్మాయి పేరు రాయక్కర్లేదు, ఊరంతా ఫ్లెక్సీ కట్టారు. వెయిట్ లిఫ్టర్ల ఊరని పేరున్న కొండవెలగాడ పిల్లలతో పోటీపడి నెగ్గడం చిన్న సంగతి కాదు. పొద్దున్నే గుడ్డు పెట్టి పంపండి, టీ బిస్కెట్టు కాదు.

పిల్లలు రాసిన పేజీలు ఇప్పటికి పంతొమ్మిదయ్యాయి. పేర్లు లేకుండా కుట్టించి నా గది బీరువాలో పెట్టాను. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వచ్చి చదువుకోవచ్చు. చదువు రానివాళ్లకు తొమ్మిదో తరగతి అమ్మాయిలు చదివి వినిపిస్తామన్నారు. మీ ఇంట్లో మనిషి గురించి మీరూ రాయొచ్చు, లేదా చెప్తే పిల్లలు రాసుకుంటారు. తప్పెట కూడా అక్కడే ఉంది. ఆ అమ్మాయి తెచ్చి మేకుకు తగిలించింది. చిన్నపిల్లలు వాయించకుండా చూసుకోండి, తోలు వదులైంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు

మరచిపోయాను: ఏడో తరగతి గదిలో మూడు స్వెటర్లు, ఒక టిఫిన్ బాక్సు నెలరోజులుగా పడున్నాయి. బాక్సు మూత తీసే ధైర్యం ఎవరికీ లేదు. దయచేసి తీసుకెళ్లండి.