"నెమ్మదిగానే వెళ్దాం" అంటే నమ్మకు

కన్నా,

ఆదివారం తెల్లవారుజామున గుంపుతో కలిసి మొదటిసారి సైకిల్ రైడ్‌కు వెళ్తున్నావని నాన్న చెప్పారు. నాకు చెప్పకుండా ఆయనకు ఎందుకు చెప్పావో ఊహించగలను. నాకు చెబితే గంట ఉపన్యాసం తప్పదని నీ భయం. ఫోనులో మొదలుపెడితే "అమ్మా, మాట సరిగా వినిపించడం లేదు" అంటూ పెట్టేస్తావు. ఉత్తరంలో ఆ వెసులుబాటు లేదు.

పన్నెండేళ్లుగా తొక్కుతున్నదాన్ని కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పగలను. సైకిల్ తొక్కేవాళ్లంత నిండు మనసుతో అబద్ధాలాడే జాతి మరొకటి లేదు. ఎవరికీ హాని చేయని అబద్ధాలే. కానీ ఆ భాష తెలియకుండా వెళ్తే మొదటి అరగంటలోనే రొప్పుతూ రోడ్డు పక్కన కూర్చుంటావు.

మొదటి అబద్ధం బయల్దేరక ముందే వినిపిస్తుంది. "ఈ రోజు నెమ్మదిగానే వెళ్దాం." ఆ వెంటనే ఒక్కొక్కరూ తమ అనారోగ్యాల చిట్టా విప్పుతారు. ఒకరికి రాత్రంతా నిద్ర లేదు. ఒకరికి జలుబు. ఇంకొకరు మూడు వారాలుగా సైకిల్ ముట్టుకోనేలేదు. పరీక్ష హాలు బయట "ఏమీ చదవలేదు" అని దిగులుగా తిరిగి, చివరికి మొదటి ర్యాంకు తెచ్చుకునే నీ స్నేహితుడు గుర్తున్నాడు కదా, అచ్చంగా అదే వరస. ముఖ్యంగా కాళ్ల మీది వెంట్రుకలు నున్నగా గీసుకున్నవాళ్లు నెమ్మది అంటే అస్సలు నమ్మకు. ఎందుకు గీసుకున్నారని అడిగి చూడు. పడినప్పుడు గాయం శుభ్రం చేయడం తేలికని ఒకరు, మర్దనకు వీలని ఒకరు, గాలి తగ్గుతుందని ఒకరు చెబుతారు. మూడింటిలోనూ కొంత నిజముంది. చూడటానికి బాగుంటుందని మాత్రం ఒక్కరూ ఒప్పుకోరు.

ఆ నెమ్మది ఎలా చెడిపోతుందో దగ్గరి నుంచి చూడాలి. ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కుతుంటారు. ఒకరి ముందు చక్రం రెండోవారి చక్రం కన్నా సగం ముందుకు జరుగుతుంది. రెండోవారు మర్యాదకు కలుపుకుంటారు. మళ్లీ సగం ముందుకు. ఇద్దరూ పిల్లల చదువుల గురించే మాట్లాడుతుంటారు, ముఖాల్లో ఏ మార్పూ ఉండదు, మీటరులో వేగం మాత్రం గంటకు 26 కిలోమీటర్లు ఉన్నది 34 అవుతుంది. కాసేపటికి మాటలు తెగిపోతాయి. అంతలో దూరంగా ఊరి పేరు రాసిన బోర్డు కనిపించిందా, ఇక చెప్పేదేముంది. పొద్దున జలుబన్న మనిషి, మోకాలన్న మనిషి, మనవలున్న మనిషి, అందరూ తలలు వంచి ఆ బోర్డు కోసం ప్రాణాలు పెట్టి తొక్కుతారు. బోర్డు దాటాక ఎవరు ముందు చేరారన్నది ఎవరూ ఎత్తరు. అడిగితే "పోటీయా? ఎక్కడ?" అంటారు.

ఘాట్ రోడ్డు మీద ఇంకో అబద్ధం ఉంటుంది. "ఇదే చివరి మలుపు." అది చివరిది కాదు. ఆ మాట అన్నవారికీ తెలుసు, ఇదివరకు వంద సార్లు ఎక్కారు. అయినా అంటారు, నువ్వూ నమ్మినట్టే తొక్కాలి. ఎక్కడంలో మావాళ్ల పిచ్చికి ఒక ఉదాహరణ చెబుతాను. 1924లో ఎవరెస్ట్ మీద కనుమరుగైన పర్వతారోహకుడు జార్జ్ మాలరీకి అదే పేరున్న మనవడు ఉన్నాడు. ఆయన 1994లో ఆస్ట్రేలియాలో డోన్నా బువాంగ్ అనే కొండను సైకిల్ మీద ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, ఎక్కిన ఎత్తంతా కలిపితే ఎవరెస్ట్ అంత అయ్యేదాకా ఆగలేదు. మరుసటి ఏడాది అసలు ఎవరెస్ట్ కూడా ఎక్కాడనుకో. ఇప్పుడు దానికి ఎవరెస్టింగ్ అని పేరు పెట్టి, ఒకే కొండ, మధ్యలో నిద్ర లేకుండా, 8,848 మీటర్లు అని నియమాలు రాసుకుని ప్రపంచమంతా చేస్తున్నారు. మా గుంపులో ఇద్దరు మొదలుపెట్టారు. ఒకరు పూర్తి చేశారు. రెండో ఆయన దగ్గర ఆ ప్రస్తావన తేవద్దని మా అందరికీ తెలుసు.

నాన్నతో నువ్వు అడిగించిన ప్రశ్నకు వస్తాను. ఏ చక్రాలు కొంటే బరువు తగ్గుతుందని కదా? ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనవాళ్లు సైకిల్ పుట్టకముందే ఎందుకు కనిపెట్టారో తెలియదు కానీ, మాకు కుట్టినట్టు సరిపోతుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదని 2000 నుంచి నియమం పెట్టింది. ఏ పోటీలోనూ పాల్గొనని మావాళ్లు ఆ హద్దు దాటి ఇంకా తగ్గించాలని, నీళ్ల సీసా స్టాండుకు బిగించే మరలు కూడా మార్చి తూకం వేస్తుంటారు. ఆ స్టాండులో పెట్టే నిండు సీసా ముప్పావు కిలో ఉంటుంది. పొట్ట సంగతి నేను ఎత్తను. టైర్లూ అంతే. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల సన్న టైరే వేగమని ఒట్టు పెట్టినవాళ్లు ఇప్పుడు 28 కన్నా తక్కువైతే సైకిలే కాదంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మనిషికి ఎన్ని సైకిళ్లు అవసరమన్నదానికి మా అందరికీ కంఠస్థమైన సూత్రం ఒకటుంది. ఇప్పుడు ఉన్నవాటికి ఒకటి కలపాలి. దానికి పై హద్దు కూడా ఉంది. ఎన్నయితే జీవిత భాగస్వామి ఇల్లు వదిలి వెళ్తారో, అందులో ఒకటి తీసెయ్యాలి. నాన్న లెక్క ప్రకారం మన ఇంట్లో రెండు సైకిళ్లున్నాయి. నేను ఎప్పుడూ నీలం రంగువే ఎందుకు కొంటానో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ పేరా ఆయనకు చదివి వినిపించకు.

కొన్ని సంగతులు నీకు ఎవరూ చెప్పరు, సిగ్గు పడతారు. సైక్లింగ్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మెత్త ఉండేది అందుకే, మధ్యలో ఇంకో బట్ట కుట్టు ఉంటే ఒరుసుకుని పుండవుతుంది. అమ్మ రాయాల్సిన వాక్యం కాదు, రాసేశాను. కుడి పిక్క మీద చైను నల్లమరక అంటిందంటే కొత్తవాడివని అందరికీ తెలిసిపోతుంది, ఆగినప్పుడు చూసుకో. ఇక బూటు బిగుసుకునే పెడళ్లు. స్కీ బూట్లు పట్టి ఉంచే పద్ధతి నుంచి తీసుకుని లుక్ కంపెనీ 1984లో తెచ్చింది, మరుసటి ఏడాది బెర్నార్ ఇనో అనే ఫ్రెంచి ఆటగాడు వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పోటీ గెలిచాడు. నువ్వు వాటితో ఎర్రదీపం దగ్గర, కదలకుండా నిలబడి ఉన్న సైకిల్ మీద నుంచి, నిదానంగా పక్కకు ఒరిగి పడతావు. అందరం పడ్డాం. పడ్డానని చెప్పుకున్నవాళ్లను మాత్రం ఇంతవరకు చూడలేదు.

పంక్చర్ అయితే కంగారు పడకు. 1913 టూర్‌లో యూజెన్ క్రిస్తోఫ్ అనే ఆయనకు కొండ దిగుతుండగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. సైకిల్ మోసుకుని కొన్ని గంటలు నడిచి, ఒక పల్లెలో కమ్మరి కొలిమి దొరికితే తన చేతులతోనే అతుకు వేసుకున్నాడు. పరాయి సాయం తీసుకోకూడదన్న నియమం ఉండేది. కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రవాడని అధికారులు ఆయనకు జరిమానాగా సమయం కలిపారు. మా గుంపులో అయితే తిత్తి ఊదడానికి పదిమంది, సలహా చెప్పడానికి ఇరవైమంది. చిన్న మాట: కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో తడిమి చూడు. ముల్లు అక్కడే ఉండిపోతే పది నిమిషాల్లో మళ్లీ అదే పని.

గాలి గురించి మాత్రం మావాళ్లు చెప్పేది అబద్ధంలా వినిపించే నిజం. వెళ్లేటప్పుడూ ఎదురుగాలే, వచ్చేటప్పుడూ ఎదురుగాలే అంటారు. నవ్వకు. ఎదురుగాలిలో నెమ్మదిగా వెళ్తాం కాబట్టి అందులో గడిపే సమయమే ఎక్కువ, వెనకగాలి దాన్ని పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. పైగా చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లతో వెళ్తుంటే మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఆ శ్రమ ఎనిమిది రెట్లు కావాలి. మరొకరి వెనక చక్రానికి దగ్గరగా చేరితే నాలుగో వంతో మూడో వంతో మిగులుతుంది. ఏ చక్రం కొన్నా అంత మిగలదు. అందుకే అంత దగ్గరగా తొక్కుతాం.

అంత దగ్గరగా ఉన్నప్పుడు నీకు రోడ్డు కనిపించదు కన్నా. ముందున్నవారి వీపు కనిపిస్తుంది. గుంత ఉంటే వారు చెయ్యి కిందికి చూపిస్తారు. ఆగిన బండి ఉంటే వీపు వెనక చెయ్యి పెట్టి, ఏ పక్కకు జరగాలో ఊపుతారు. కంకర ఉంటే అరచెయ్యి తెరిచి ఆడిస్తారు. జలుబు గురించి, సైకిళ్ల లెక్క గురించి, చివరి మలుపు గురించి ఎన్ని చెప్పినా, ఆ చేతితో మాత్రం ఇంతవరకు ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు.

నేను ఒకసారి చెప్పాను. నీకు ఈత నేర్పిన ఆంటీకి ఏడేళ్ల కిందట భుజం దగ్గరి ఎముక విరిగింది, గుర్తుంది కదా. గుంత కనిపించక పడిందని అప్పట్లో మీ అందరికీ చెప్పాను. ఆమె ముందు తొక్కుతున్నది నేనే. ఆ గుంత నాకు కనిపించింది. అప్పుడు రైడ్‌లను నమోదు చేసే స్ట్రావా యాప్‌లో ఆ దారి మీద నా పాత సమయాన్ని దాటాలని ఒక పంతం, చూపంతా మీటరు మీదే. పక్కకు తప్పుకున్నాను, చెయ్యి మాత్రం హ్యాండిల్ వదల్లేదు. చెయ్యి తీస్తే ఒక్క సెకను పోయేదేమో. వెనక శబ్దం వినిపించింది.

ఆమె నేల మీద పడుకునే "నా సైకిల్‌కు ఏమైంది?" అని అడిగింది. మావాళ్లలో ఎవరు పడినా మొదట అడిగేది అదే, మాకది పాత హాస్యం. ఆ రోజు నేను నవ్వలేకపోయాను. ఆస్పత్రిలో అందరితో తప్పు తనదేనంది. నేను కాదనలేదు. నాన్నకు కూడా చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను. ఆ రైడ్ రికార్డు ఇంకా ఫోనులో ఉంది. వేగం గీత ఒక చోట నిటారుగా సున్నాకు దిగి ఆగిపోతుంది. నాలుగు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. గుంపులో పదిహేనుమందిమి ఉన్నాం. ఏమీ అనకుండా వచ్చి నా వెనక చక్రానికే చేరింది. ఆ పొద్దున నేను ఎండుటాకులకు కూడా చెయ్యి చూపించాను. చివరికి ఆమే విసుక్కుని, "రోడ్డు మొత్తం చూపించకు, నాకూ కళ్లున్నాయి" అంది.

ఆదివారం నువ్వు చివరన ఉండు. నీ ముందు చక్రాన్ని ఎవరి వెనక చక్రం పక్కకూ చేర్చకు, తగిలితే పడేది నువ్వే. హఠాత్తుగా బ్రేకు వెయ్యకు. ఆకలి వేయకముందే తిను, ఒంట్లో దాచుకున్న పిండి పదార్థం గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకు మించి రాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా మౌనంగా అయిపోతే వారి జేబులో తినడానికి ఏమీ మిగల్లేదని తెలుసుకో, నీ దగ్గర ఉన్నది ఇవ్వు. ముందునుంచి చెయ్యి కనిపిస్తే నువ్వూ చూపించు. నీ వెనక ఎవరూ లేరని నీకు తెలిసినా చూపించు.

వచ్చే నెల మొదటి వారంలో నేను అక్కడికి వస్తున్నాను, సైకిల్ కూడా తెస్తున్నాను. ఈ మధ్య సాధన అసలు లేదు. మోకాలు పట్టేసినట్టుంది, రాత్రిళ్లు నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. నెమ్మదిగానే వెళ్దాం.

అమ్మ