సైనైడ్ లేని పశుగ్రాస జొన్న కావాలి
జొన్న నాము (విషం చేరిన లేత జొన్న) తిని పశువులు చనిపోయాయన్న వార్త ఏటా వస్తున్నా, దాన్ని రైతు అజాగ్రత్తగానే చూస్తున్నాం తప్ప విత్తనం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా ప్రాంతంలో నేను గమనించినంతవరకు, కోశాక దుబ్బుల నుంచి లేచిన పిలకలు, బెట్టకు వాడిన లేత పైరు మేసినప్పుడే గేదెలు పడిపోతున్నాయి. జొన్న తన రక్షణ కోసం ధురిన్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఆకు నలిగితే అందులోంచి సైనైడ్ వెలువడుతుంది. యూరియా ఎక్కువైతే ఇది ఇంకా పెరుగుతుంది (పచ్చగా ఏపుగా ఉందని మురిసిపోయేదీ అప్పుడే). ధురిన్ తయారీలో మొదటి మెట్టు ఒకే జన్యువు చేతిలో ఉంది. అది పనిచేయని, సైనైడ్ ఊసే లేని జొన్నను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2012లోనే ప్రకటించారు. అందులో వేరే జీవి జన్యువును చొప్పించలేదు, రసాయనంతో ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) కలిగించి వాటిలోంచి ఏరుకున్నారు. కాబట్టి జన్యుమార్పిడి గొడవ ఇక్కడ అడ్డు రాకూడదు. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మన పశుగ్రాస రకాల్లోకి ఈ లక్షణాన్ని తేవడానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అంతవరకు గ్రామీణ పశువైద్యశాలల్లో సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. నాము తగిలిన గేదెకు పట్నం నుంచి మందు తెప్పించేంత వ్యవధి ఉండదు.