ఒరే మామా, ఆ రెండో మిక్స్ విన్నాక మాట్లాడు

ఒరే మామా,

మొన్న ఫోన్‌లో ఆ జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లే గురించి "పాటలన్నీ ఒకేలా ఉంటాయి, చిక్‌చిక్ చిక్‌చిక్" అన్నావ్ చూడు, బస్సులో నలుగురి మధ్య ఉన్నాను కాబట్టి బతికిపోయావ్. ఆ కోపంతోనే రాస్తున్నా.

నువ్వు విన్నది 'క్యాచ్ ఎ ఫైర్', 1973 ఏప్రిల్‌లో ఐలాండ్ రికార్డ్స్ అనే కంపెనీ తెచ్చిన ఆల్బమ్. అసలు అట్ట మీద మార్లే ఒక్కడి పేరు కాదురా, ఉన్నది వాళ్ల బ్యాండ్ పేరు, 'ది వైలర్స్' అని. అందులో '400 ఇయర్స్' పాట పాడింది బ్యాండ్‌లోని పీటర్ టాష్. ఆయనా, బన్నీ వైలరూ, మార్లే కలిసి ఆ తర్వాత చేసింది ఇంకొక్క ఆల్బమే.

ఇక అసలు సంగతి. వాళ్లు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రికార్డ్ చేసిన టేపుల్ని ఐలాండ్ కంపెనీ పెట్టిన క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌లో రాక్ వినేవాళ్ల చెవికెక్కేలా మెరుగులు పెట్టించాడు. 'కాంక్రీట్ జంగిల్' మధ్యలో ఏడ్చినట్టు సాగే గిటార్ ఉంది కదా, అది వాయించింది జమైకావాడు కాదు, అలబామా నుంచి వచ్చిన వేన్ పర్కిన్స్! నాకది ఇష్టమే, అబద్ధం ఎందుకు. ఆ మెరుగులు లేకపోతే రెగ్గే అంత దూరం వెళ్లేదా అని కూడా అనిపిస్తుంది. కానీ జమైకా మిక్స్, అంటే ఆ మెరుగులు పెట్టకముందు పాటలున్న రూపం, వింటే ఆ నగలన్నీ తీసేసిన మొహంలా ఉంటుంది, ఫ్యామిలీ మ్యాన్ బ్యారెట్ బేస్, తమ్ముడు కార్ల్‌టన్ డ్రమ్స్, మధ్యలో బోలెడంత ఖాళీ. పైగా బయటి దేశాలకిచ్చిన రికార్డులోంచి తీసేసిన రెండు పాటలు కూడా అందులో ఉన్నాయి, 'హై టైడ్ ఆర్ లో టైడ్' మాత్రం వదలకు.

ఇదంతా 2001లో వచ్చిన డీలక్స్ ఎడిషన్‌లో ఉంది. స్పాటిఫైలోనో ఆపిల్ మ్యూజిక్‌లోనో 'డీలక్స్' అని చేర్చి వెతుకు. డబ్బులు పెట్టనంటావా, స్పాటిఫైలో యాడ్స్ భరిస్తే ఫ్రీనే, యూట్యూబ్‌లో మార్లే అఫీషియల్ ఛానల్ కూడా ఉంది. ఊరికే దొరికే ఆ పైరసీ జిప్ ఫైళ్ల జోలికి మాత్రం పోకు, నా పాత లాప్‌టాప్ వైరస్ పట్టి పోయింది వాటివల్లే. వినైల్ రికార్డే కావాలంటే కొత్తగా వేసిన కాపీ చాలు. జిప్పో లైటర్‌లా మూత పైకి లేచే మొదటి అట్టతో వేసినవి 20,000 మాత్రమే, వాటి ధర మనకెందుకులే.

ఆదివారం 'కాంక్రీట్ జంగిల్' రెండు మిక్సులూ వెంటవెంటనే విని ఫోన్ చెయ్. ఫోన్ స్పీకర్లో కాదు నాయనా, బేసే వినపడదు. నా హెడ్‌ఫోన్స్ ఆరు నెలలుగా నీ దగ్గరే ఉన్నాయిగా, వాటితో విను, తర్వాత తెచ్చి ఇవ్వు.