లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే వచ్చింది, దాన్ని నడిపేవాళ్లే ఎవరికి వారుగా మిగిలిపోయారు

సంపాదకుడి గారికి నమస్కారం.

పేపర్లో డిజిటల్ లైబ్రరీల గురించి ఎప్పుడు వార్త వచ్చినా ఇన్ని కంప్యూటర్లు పెట్టారు, ఇన్ని ఈ-బుక్స్ ఇచ్చారు, ఏసీ రీడింగ్ రూమ్ కట్టారు అనే ఉంటుంది. వాటిని రోజూ నడిపేవాళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. నేను వైజాగ్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను, పుస్తకాలు ఇష్యూ చెయ్యడం, రిటర్న్ తీసుకోవడంతో పాటు సర్వర్ చూసుకునేది కూడా నేనే, నాలాంటివాళ్లు మధురవాడ నుంచి గాజువాక, దువ్వాడ దాకా చాలామందే ఉన్నారు. ముఖపరిచయాలున్నాయి, పెళ్లిళ్లలో కలుస్తాం, కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే నాక్ టీం విజిట్ ముందు కంగారుగా ఫోన్లు చేసుకుంటాం, కానీ అసలు పని దగ్గరికొచ్చేసరికి ఎవరి కాలేజీ గోడల మధ్య వాళ్లమే. దీని గురించే రాస్తున్నాను, కొంచెం పొడుగైంది, వీలైతే పూర్తిగా వేయండి.

మా దగ్గర వాడేది కోహా అనే ఫ్రీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్, కేటలాగు, ఇష్యూ, ఫైన్ అన్నీ అందులోనే. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 1999లో న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతంలో లైబ్రరీ ట్రస్టు ఒకటి ఉండేది, వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరం తేదీలని తట్టుకోలేదని తేలింది, అందుకని కటిపో అనే చిన్న కంపెనీ చేత కొత్తది రాయించుకుని 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టారు, పెట్టి ఊరుకోకుండా ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి ఇచ్చేశారు. మహా పెద్ద యూనివర్సిటీ చేసిన పని కాదిది, పల్లెలకి పుస్తకాలిచ్చే లైబ్రరీ చేసింది. ఈరోజు ప్రపంచమంతా వాడుతోంది, ఏటా మే నెలలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి కొత్త వెర్షన్ వస్తుంది. మన హైదరాబాద్‌లో పుట్టిన న్యూజెన్‌లిబ్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా 2008లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది, యూనివర్సిటీ లైబ్రరీల కోసం యూజీసీ పెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ ఉంది. ఏది గొప్ప అనే వాదన నాకొద్దు, ఏది వాడినా మన ఇబ్బంది ఒకటే.

కోహాలో నన్ను బాగా కట్టిపడేసింది సాఫ్ట్‌వేర్ కన్నా దాని చుట్టూ ఉన్న మనుషుల పద్ధతి. అందులో తప్పు కనిపిస్తే ఎవరైనా సరే బగ్జిల్లా అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల చిట్టాలో రాయొచ్చు, ఎవరో ఒక ప్రోగ్రామర్ దానికి ప్యాచ్, అంటే దిద్దుబాటు కోడ్ రాస్తారు, అయితే రాసినవాళ్లు తమంతట తాము దాన్ని లోపల పెట్టేసుకోడానికి లేదు. ఇంకొకరు దాన్ని వాడి చూసి, అవును పనిచేస్తోంది అని తమ పేరు పెట్టి సైన్-ఆఫ్ ఇవ్వాలి, తర్వాత క్వాలిటీ టీం మళ్లీ చూడాలి, ఆ తర్వాత కొత్త వెర్షన్ బాధ్యత చూసే రిలీజ్ మేనేజర్ ఒప్పుకోవాలి. ఆ సైన్-ఆఫ్ ఇవ్వడానికి కోడింగ్ వచ్చి ఉండక్కర్లేదండీ! శాండ్‌బాక్స్ అని ఉంటుంది, మన కంప్యూటర్లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్లోనే ఆ ప్యాచ్ వేసిన కోహా తెరుచుకుంటుంది, ఒక పుస్తకం ఇష్యూ చేసి, గడువు దాటించి, ఫైన్ లెక్క సరిగ్గా పడిందా లేదా అని చూసి చెప్తే చాలు. ఏళ్ల తరబడి కౌంటర్లో కూర్చున్న మనిషికి ఫైన్ ఎక్కడ తేడా వస్తుందో, పిల్లలు ఎక్కడ గొడవపడతారో తెలిసినంత ఏ ప్రోగ్రామర్‌కీ తెలీదు, ఆ తెలివికి అక్కడ విలువ ఉంది, పేరుతో సహా రికార్డవుతుంది. గాజువాకలో అటెండర్ నుంచి అసిస్టెంట్ లైబ్రేరియన్ అయిన మనిషి కూడా ఆ పని చెయ్యొచ్చు. మనవాళ్లెవరూ ఎందుకు చెయ్యట్లేదు అంటే చెయ్యొచ్చని చెప్పినవాళ్లు లేరు, అంతే.

ఇక్కడ జరిగేదేంటంటే, నాక్ టీం వస్తోందనగానే మేనేజ్‌మెంట్ ఎవరో ఒక వెండర్‌ని పిలుస్తుంది, అతను కోహా ఎక్కించి, అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకుని, బార్‌కోడ్‌లు అంటించేసి వెళ్లిపోతాడు. తర్వాత ఏళ్లు గడిచినా అదే పాత వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఉండవు, ఓపాక్, అంటే పాఠకులు పుస్తకాలు వెతుక్కునే కేటలాగు పేజీ, లైబ్రరీ లోపల కంప్యూటర్లో తప్ప స్టూడెంట్ ఫోన్లో తెరుచుకోదు. ఏదైనా ఆగిపోతే లైబ్రేరియన్ ఎవరిని అడగాలో తెలియక పుస్తకాలన్నీ చేత్తో రాసుకునే అక్సెషన్ రిజిస్టర్ మళ్లీ బయటికి తీస్తారు. వాట్సాప్ గ్రూపులు లేవా అంటే ఉన్నాయి, గుడ్ మార్నింగ్‌లూ జాబ్ నోటిఫికేషన్లూ మధ్య ఎవరైనా సందేహం పెడితే పైకి కొట్టుకుపోతుంది, ఒకవేళ ఎవరో ఫోన్ చేసి సాయం చేసినా ఆ జవాబు ఆ ఇద్దరి దగ్గరే ఉండిపోతుంది, వచ్చే నెల ఇంకొకరికి అదే సమస్య వస్తే మళ్లీ మొదటి నుంచీ. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి, మనలో పెద్దవాళ్లు కొందరు "అది కూడా తెలీదా?" అంటారు. ఆ మాట విన్న కుర్రది మళ్లీ జన్మలో నోరు తెరవదు. ఔట్‌సోర్సింగ్ మీద పదివేలకి పనిచేసే పిల్లలైతే అసలు గ్రూపులోనే ఉండరు, సర్వర్ నిజంగా చూసేది మాత్రం చాలాచోట్ల వాళ్లే.

తెలుగు పుస్తకాల దగ్గర నా బాధ ఇంకా ఎక్కువ. ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్ వస్తే దాని మీదుండే ఐఎస్‌బీఎన్ నంబర్ కొడతాం, లైబ్రరీలు రికార్డులు పంచుకునే జెడ్39.50 అనే పద్ధతి ద్వారా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు మొత్తం వచ్చి పడుతుంది, నిమిషం పని. 1960ల్లో హెన్రియెట్ అవ్రమ్ అనే ఆవిడ, లైబ్రేరియన్ కూడా కాదు ప్రోగ్రామర్, పుస్తకం వివరాలు కంప్యూటర్ చదివేలా రాసే మార్క్ అనే ఫార్మాట్ తయారుచేశారు కాబట్టి ఇది కుదిరింది, టైటిల్ పెట్టే గడి నంబర్ 245, రచయితది 100, ప్రపంచమంతా ఒకటే లెక్క. తెలుగు పుస్తకం చేతికొచ్చిందా, చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు, రచయితే అచ్చు వేయించుకుని మనకి ఇచ్చినవి బోలెడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు పెట్టి తెలుగు పుస్తకాలు కూడా కొంటుంది గానీ వాళ్ల రికార్డులు చాలావరకు రోమన్ అక్షరాల్లో, పైన గీతలు కింద చుక్కలతో ఉంటాయి, మన పిల్లలెవరూ అలా వెతకరు. కాబట్టి మొత్తం మనమే టైపు చెయ్యాలి, సరే చేస్తాం, కానీ అదే పుస్తకాన్ని మధురవాడలో నేను చేస్తాను, భీమిలిలో ఇంకొకరు చేస్తారు, యూనివర్సిటీలో ఇంకొకరు చేస్తారు. ఒకటే పుస్తకం, ఎన్ని లైబ్రరీలుంటే అన్నిసార్లు చాకిరీ, పైగా ఎవరి స్పెల్లింగ్ వాళ్లది.

మన ఊరి రచయితల పేర్లే చూడండి. రావిశాస్త్రి గారు ఇక్కడ లాయరుగా చేసిన మనిషి, ఒక కేటలాగులో రాచకొండ విశ్వనాథశాస్త్రి, ఒక దాంట్లో విశ్వనాథ శాస్త్రి కామా రాచకొండ, ఇంకోచోట ఆర్.వి.శాస్త్రి, ఇంకోచోట ఉత్త రావిశాస్త్రి. శ్రీశ్రీ ఈ ఊళ్లోనే పుట్టారు, శ్రీరంగం శ్రీనివాసరావు అని కొడితే కొన్ని, శ్రీనివాస రావు అని మధ్యలో ఖాళీ వదిలితే వేరేవి, శ్రీశ్రీ అంటే ఇంకొన్ని వస్తాయి. ఆ ఒక్క ఖాళీ వల్ల పుస్తకం షెల్ఫులో ఉండి కూడా లేనట్టే అయిపోతుంది! పాత పుస్తకాల్లో బండి ఱ ఉంటే, కొత్తగా కొట్టినవాళ్లు మామూలు ర పెడతారు, అది ఇంకో తంటా. పైగా ఒకప్పుడు అను ఫాంట్స్ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన లిస్టులు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కించేశారు, అవి స్క్రీన్ మీద పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. కోహాలో వెతుకులాట చూసే జీబ్రా అనే భాగాన్ని, అన్ని భాషల అక్షరాల్నీ గుర్తుపట్టే ఐసీయూ అనే పద్ధతిలో పెట్టకపోతే తెలుగు సెర్చ్ సరిగ్గా పనిచెయ్యదు, ఈ ఒక్క మాట తెలియక తెలుగు సపోర్ట్ లేదు సార్ అని రిపోర్టు రాసేసినవాళ్లని చూశాను.

దీనికి మందు లేక కాదు. అథారిటీ రికార్డు అని ఉంటుంది, అంటే ఒక రచయితకున్న పేర్లన్నిటినీ ఒకచోట కట్టే రికార్డు, అందులో 100 నంబర్ గడిలో ఒక పేరు ఖాయం చేసి మిగతా పేర్లన్నీ 400 గడిలో పెడితే, ఏ పేరుతో వెతికినా పుస్తకం దొరికేలా కోహాలో సెట్టింగ్ కూడా ఉంది. ఓపెన్‌రిఫైన్ అనే ఫ్రీ టూల్‌లో కేటలాగు లిస్టు వేస్తే దగ్గరదగ్గరగా ఉన్న పేర్లని గుంపులుగా చూపిస్తుంది, ఏది ఎవరో మనం తేల్చాలి. మార్క్‌ఎడిట్ అనేది ఎక్సెల్‌ని మార్క్‌లోకి మార్చేస్తుంది, అదీ ఫ్రీనే. కోర్సులో వీటి పేర్లు పరీక్ష కోసం చదివాం, చేత్తో పట్టుకోలేదు. కానీ అసలు మాట, ఏ పేరు ఖాయం చెయ్యాలి అనేది టూల్ చెప్పదు, ఇంటిపేరు ముందా వెనకా, కలిపి రాయాలా విడదీయాలా, కలంపేరుతో ప్రసిద్ధుడైతే ఏది పెట్టాలి, ఇది నలుగురం కూర్చుని ఒక మాట అనుకోవాల్సిన పని. ఆ కూర్చోవడమే లేదు.

వేరేచోట ఎలా కూర్చుంటున్నారో చూస్తే ఆశ కలుగుతుంది. అమెరికాలో కోడ్4లిబ్ అని లైబ్రరీల్లో కోడ్ రాసేవాళ్ల గుంపు ఉంది, 2006లో ఒరెగాన్ రాష్ట్రం కోర్వాలిస్‌లో మొదటి సమావేశం పెట్టుకున్నారు. ఎవరు మాట్లాడాలో పైనున్న కమిటీ ఒక్కటే తేల్చదు, సభ్యులు ఓట్లేస్తారు. లైట్నింగ్ టాక్స్ అని ఐదేసి నిమిషాలు ఉంటాయి, పేరు రాసుకున్న ఎవరైనా లేచి తను చేసిన చిన్న పని చూపించొచ్చు. కొత్తవాళ్లని చిన్నబుచ్చకూడదని రాసిపెట్టుకున్న నియమావళి ఉంది. 2007 నుంచి వాళ్ల పత్రిక కూడా ఉంది, ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. అంత దూరం ఎందుకు, 2011లో కోహా వాళ్ల అంతర్జాతీయ సమావేశం మన దేశంలోనే, ముంబై పక్కన థానేలో జరిగింది.

ఇలాంటిది మనకి చేతకాదంటే నేను ఒప్పుకోను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన నేల మనది, అయ్యంకి వెంకటరమణయ్య గారిలాంటివాళ్లు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు, వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది, పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంబడి ఊళ్లకి పంపించారు. వాళ్ల చేతిలో ఉన్న టూల్ పడవ, మన చేతిలో సర్వర్ ఉంది. వాళ్లు ఏ ఊళ్లో ఏం చేశారో పక్క ఊరికి చెప్పుకునేవాళ్లు, సభలు పెట్టుకునేవాళ్లు, ఆ అలవాటు మనం ఎక్కడ వదిలేశామో అర్థం కాదు.

తుపాను సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటు, నెట్ రోజుల తరబడి లేవు, యూనివర్సిటీ క్యాంపస్ ఎలా అయిపోయిందో అందరం చూశాం. కోహా రోజూ రాత్రి తనే బ్యాకప్ తీస్తుంది, మంచిదే, కానీ ఆ ఫైలు అదే మెషీన్లో ఉంటే మెషీన్‌తో పాటే పోతుంది. విజయనగరం, రాజమండ్రి కాలేజీలతో మాట్లాడుకుని వాళ్ల కాపీ మన దగ్గర, మన కాపీ వాళ్ల దగ్గర పెట్టుకుంటే ఖర్చు ఏముంటుంది? ఎవరు ఏ పుస్తకం చదివారు అనే వివరాలు బయటికి పోకూడదు కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలి, అది ఎలా చెయ్యాలో ఒక సాయంత్రం నేర్పించొచ్చు.

కాబట్టి నేను అడిగేది ఇది. నెలకోసారి, రెండో శనివారం అయితే కాలేజీలకి సెలవు కాబట్టి ఆ రోజు, వైజాగ్‌లో లైబ్రరీ టెక్నికల్ పని చేసేవాళ్లందరం ఒకచోట లాప్‌టాప్‌లతో కూర్చోవాలి. గవర్నమెంటు, ప్రైవేటు, స్కూలు, కాలేజీ తేడా వద్దు, ఔట్‌సోర్సింగ్ పిల్లలు తప్పకుండా రావాలి, మేనేజ్‌మెంట్లు వాళ్లకి ఆ పూట డ్యూటీ కింద లెక్కెయ్యాలి. దండలు, శాలువాలు, ముఖ్య అతిథులు వద్దు. మొదటి పనిగా ఉత్తరాంధ్ర రచయితల పేర్లకి అథారిటీ రికార్డులు చేద్దాం, చేసిన మార్క్ ఫైలు ఎవరైనా దించుకునేలా పెడదాం, తెలుసుకున్న ప్రతిదీ తెలుగులో రాసి పక్కన పెడదాం. ఆంధ్ర యూనివర్సిటీ లైబ్రరీ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఆ మీటింగ్‌ని విద్యార్థులకి ప్రాక్టికల్‌గా ఇస్తే ఇంకా మంచిది. జిల్లా గ్రంథాలయ సంస్థ కూడా ముందుకు రావాలి, 1960 చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమంతా కడుతున్నాం, ఆ డబ్బుతో తయారైన కేటలాగు రికార్డు అందరికీ అందాలి.

మీకు కూడా ఒక మనవి. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మీ పేజీల్లో జ్యోతి వెలిగించిన ఫోటోలు వేస్తారు, ఈసారి ఏదైనా ఒక లైబ్రరీకి విలేకరిని పంపించి కేటలాగు ఎలా తయారవుతుందో రోజంతా కూర్చుని చూసి రాయమనండి. మొదటి మీటింగ్‌కి మా కాలేజీ సెమినార్ హాల్ అడిగాను, ప్రిన్సిపాల్ గారు సరే అన్నారు, ప్రొజెక్టర్, వైఫై ఉన్నాయి. తేదీ తేలగానే మీ ఆఫీసుకి పంపిస్తాను, సిటీ పేజీలో ఒక మూల వెయ్యండి.

ఇట్లు,
ఒక కాలేజీ లైబ్రరీ ఉద్యోగి,
మధురవాడ, విశాఖపట్నం